స్టిక్కర్ల కీబోర్డు

మనిషి పోయాక, ఆ మనిషి వాడిన వస్తువులైనా మన మాట వింటాయనుకుంటాం. వినవు. ఫెబీ పోయాక మిక్సీ మూత నాకు ఒక్కసారీ సరిగ్గా పడలేదు. బీరువా తలుపును ఎక్కడ నొక్కితే తెరుచుకుంటుందో ఆమెకే తెలుసు, నేను కాలితో తన్ని తెరుస్తున్నాను. కంప్యూటర్‌ను తన్నడానికి కూడా లేదు. అది మా చర్చి స్త్రీల సంఘం సొత్తు.

ఫెబీ నా భార్య. పోయిన ఎండాకాలం చివర్లో కిడ్నీలు చెడిపోయి చనిపోయింది. మా వైపు నీళ్ళు తాగేవాళ్ళకు అది కొత్త జబ్బేమీ కాదు. నా పేరు హరిబాబు. మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీలో రాయి కోసే మిషన్ మీద పనిచేసి, ఆ దుమ్ముకు ఊపిరి చాలక ఇప్పుడు ఊళ్ళోనే ఇంటిపట్టున ఉంటున్నాను. చర్చికి పోయే ఇంట్లో హరి పేరేమిటని అడగనివాళ్ళు లేరు. మా అమ్మకు కాన్పు కష్టమైతే బతికించిన డాక్టరు పేరు పెట్టాడు మా నాయన. అంతకు మించి అందులో ఏమీ లేదు. పాస్టరు మారినప్పుడల్లా కొత్తాయన ఆ పేరు మార్చుకోమంటాడు, నేను వినను.

ఆ పేరును ఫెబీ నోటితో పలికేది కాదు. మా వైపు ఆడవాళ్ళు మొగుడి పేరు పలకరు. చర్చికి వెళ్ళినా, చదువుకున్నా, ఉద్యోగం చేసినా ఆ ఒక్కటి మాత్రం మారలేదు. మిగతావాళ్ళకు ఒక దారి ఉంటుంది. 'మా తిమోతి వాళ్ళ నాయన' అంటారు, పని గడిచిపోతుంది. మాకు పిల్లలు లేరు. దాంతో ఆమెకు నన్ను పిలవడానికి ఏమీ లేకుండా పోయింది. 'ఇదిగో' అనేది. 'ఓ మనిషీ' అనేది. కోపంగా ఉంటే గిన్నెను చప్పుడయ్యేలా కింద పెట్టేది, ఆ చప్పుడు నాకోసమేనని నేను తెలుసుకోవాలి.

రేషన్ కార్డుల వాళ్ళు వచ్చి ఇంటాయన పేరు అడిగితే, పక్కింటి వెంకాయమ్మ వైపు చూసేది, వెంకాయమ్మ చెప్పేది. ఒకసారి వెంకాయమ్మ కూలికి పోయి ఉంది. "విష్ణుమూర్తి పేరు సార్, కడాన బాబు" అందట ఈమె. వాళ్ళు విష్ణుబాబు అని రాసుకుని పోయారు. నేను నేనే అని నిరూపించుకోవడానికి పెద్దారవీడు మండలాఫీసు చుట్టూ ఎన్ని తిరుగుళ్ళు తిరిగానో నాకే తెలుసు.

పెళ్ళినాడు మాత్రం పలకక తప్పలేదు. 'హరిబాబు అను నిన్ను నా భర్తగా స్వీకరించుచున్నాను' అని పాస్టరు అయ్యగారు చెప్పించారు. ఎంత చిన్నగా అందంటే, ఆమె భుజానికి నా భుజం తగులుతున్నా నాకు వినపడలేదు. "గట్టిగా చెప్పమ్మా, దేవునికి వినపడాల" అన్నారాయన. ఈమె ఏడుపు అందుకుంది. దేవుడికి వినపడే ఉంటుందిలే అని ఆయన వదిలేశారు. చివరి నెలల్లో, మార్కాపురంలో డయాలసిస్ మంచం మీద ఉన్నప్పుడు నర్సు భర్త పేరు అడిగితే, సూదులున్న చెయ్యి కదపకూడదు కాబట్టి గడ్డంతో నా వైపు చూపించింది. "నువ్వే చెప్పు" అంది నాతో.

ఫెబీ ఇంటర్ దాకా చదివి, మార్కాపురంలో తెలుగు టైపింగ్ నేర్చుకుని, ఒక ప్రైవేటు బడిలో ఏళ్ళ తరబడి పరీక్ష పేపర్లు కొట్టింది. ఒంట్లో బాగలేక ఆ పని మానేశాక, సంఘం ఆడవాళ్ళు చందాలు వేసుకుని కొన్న కంప్యూటర్‌ను మా ఇంట్లో పెట్టారు. పాటలు కొట్టడానికి. అచ్చయిన పాటల పుస్తకంలో ఉన్నవి కాదు. మా వైపు పల్లెల్లో కూలికి పోయే ముసలివాళ్ళు మిరపచేలల్లో, కందిచేలల్లో కలుపు తీస్తూ ఏసయ్య మీద కట్టుకున్న పాటలు. వాటిని ఎవరూ రాసిపెట్టలేదు. ఫెబీ, పాస్టరు భార్య ప్రసన్న కలిసి బస్సుల్లో ఊరూరా తిరిగి ఫోన్లో రికార్డు చేసుకొచ్చేవాళ్ళు. ఇంటికొచ్చి ఫెబీ వాటిని విని కంప్యూటర్లో కొట్టేది. ఫోను నిండగానే పాతవి చెరిపేసేది. పాడినవాళ్ళలో సగంమంది ఇప్పుడు లేరు. కాశమ్మ అనే ఆమెకైతే అరవై పాటలు వచ్చని చెప్పుకునేవాళ్ళు. ఆమె పోయిన ఏడాదే పోయింది. కాశమ్మ పాటలు ఇక ఎక్కడైనా ఉన్నాయంటే ఆ కంప్యూటర్లోనే.

పక్కింటి పిల్లలు ఆటలాడుతూ ఒకసారి కొన్ని పాటలు చెరిపేశారు. అప్పుడు ఫెబీ దానికి తాళం పెట్టింది. పాస్‌వర్డ్ ఏమిటో నేను అడగలేదు. నాకు దాంతో పనేముంది? ఆమె ఉంది కదా, తీస్తుంది.

డిసెంబరులో ఒకనాడు పొద్దున ప్రసన్న వచ్చింది. నన్ను అన్నా అంటుంది, ఫెబీని అక్కా అనేది. జనవరి సభలకు పాటల పుస్తకం అచ్చు వేయిద్దామని సంఘంలో అనుకున్నారట. నేను కంప్యూటర్ మీద కప్పిన పాత చీర తీశాను. మిషన్ వెలిగింది. తెర మీద ఇంగ్లీషులో ఫెబీ పేరు, దాని కింద ఒక ఖాళీ గడి.

ప్రసన్న కీబోర్డు వైపు చూసి నోరు తెరిచింది. కీబోర్డు మీద ఇంగ్లీషు అక్షరాలు లేవు. సంఘం ఆడవాళ్ళకు నేర్పుదామని ఫెబీ మీట మీటకూ తెలుగు అక్షరాల స్టిక్కర్లు అంటించింది. ఒక్కరూ నేర్చుకోవడానికి రాలేదు, అది వేరే సంగతి. "నాకు ఇంగ్లీషు అక్షరాలు కనపడకుంటే చేతులాడవన్నా" అని ప్రసన్న ఇంటికి పోయి వాళ్ళ కీబోర్డు తెచ్చి తగిలించింది. ఫెబీ పేరు కొట్టింది. చర్చి పేరు కొట్టింది. తప్పు, తప్పు అంటోంది మిషన్.

"తెలుగులో కొట్టమంటదేమోమ్మా" అన్నాను.

"ఈ తాళం తెర మీద తెలుగు లేదన్నా. మూలన చూడు, ఇంగ్లీషు అని ఉండాది. లోపలికి పోయినాకే తెలుగు."

నాకేం తెలుసు, తలూపాను. పోతూ పోతూ ప్రసన్న గుమ్మం దగ్గర నిలబడి అసలు మాట చెప్పింది. తాళం రాకపోతే మిషన్లో ఉన్నదంతా తుడిపించి దాన్ని చర్చి ఆఫీసులో వాడుకుందామని పెద్దలు అనుకుంటున్నారట. శనివారం దాకా చూస్తామన్నారట. చెప్పడానికి ఆమెకే మనసొప్పడం లేదు. వాళ్ళ సొత్తు, వాళ్ళ ఇష్టం. ప్రసన్న వెళ్ళిపోయాక చీరను మళ్ళీ కప్పి, అంచులు చుట్టూ దోపాను. ఫెబీ చేసిన పని అని చూపించడానికి ఈ ఇంట్లో ఇంకేముంది?

మర్నాడు సీపీయూ డబ్బా ఒక్కటీ ఊడదీసుకుని మార్కాపురం పోయాను. బస్టాండు దగ్గర వేణుగోపాల్ అని ఒకతను కంప్యూటర్ దుకాణం పెట్టుకున్నాడు. మంచివాడే, కాకపోతే నోరు ఊరుకోదు. డబ్బాకు తన తెర, తన కీబోర్డు తగిలించాడు.

"ఆడోళ్ళ పాస్‌వర్డ్ ఏముంటదన్నా, మొగుడి పేరో పిల్లోళ్ళ పేరో. నీ పేరు చెప్పు."

"హరిబాబు."

టకటకా కొట్టాడు. తప్పు. మొదటిది పెద్దక్షరం చేసి కొట్టాడు. తప్పు. వెనక ఒకటీ రెండూ మూడూ తగిలించాడు, పుట్టిన సంవత్సరం తగిలించాడు, ఇంటిపేరు తగిలించాడు. తప్పు.

"పిల్లల పేర్లు చెప్పు."

"లేరు."

కాస్త తగ్గాడు. మా అత్త పేరు, మా మామ పేరు, బైబిల్లో నాకు గుర్తున్న పేర్లన్నీ అడిగి కొట్టాడు. మధ్యలో మిషనే విసిగిపోయి కాసేపు ఆగి రమ్మంది. వేణుగోపాల్ కుర్చీలో వెనక్కి వాలాడు.

"మొత్తానికి నీ పేరు గాదులే అన్నా. ఇంకెవరిదో."

జిరాక్స్ కోసం నిలబడ్డవాళ్ళు నవ్వారు. వాడు ఏ దురుద్దేశంతోనూ అనలేదు, నాకు తెలుసు. ఆ క్షణాన ఆ కీబోర్డు తీసి వాడి నెత్తిన కొట్టాలనిపించింది కూడా నిజమే.

"లోపలిది ఊడదీసి ఇంకో మిషన్లో పెట్టి చూడరాదా?" అన్నాను.

"కొత్త మిషన్లకు లోపల డిస్కుకు గూడా తాళం ఉంటదన్నా. ఇంకో దాంట్లో పెట్టినా ఏం ఈయదు. ఫార్మాట్ కొట్టడమే దారి. అంతా పోయి కొత్తదైపోతది. పలక తుడిచినట్టు."

పలకల సంగతి నాకు చెప్తున్నాడు. ఎంత తుడిచినా ఎండలో వంచి చూస్తే పలక మీద పాత గీతలు కనిపిస్తాయి. ఆ మాటే అడిగాను, ఇందులో అట్ల కనిపిస్తాయా అని. కనిపించవన్నాడు. చర్చివాళ్ళు ఫోను చేశారనీ, శనివారం పదకొండింటికి తనే మా ఊరొచ్చి ఆ పని చేసిపోతాననీ చెప్పాడు.

డబ్బాను ఒళ్ళో పెట్టుకుని ఆటోలో వచ్చాను. ఎండ చుర్రుమంటోంది. పక్కన కూర్చున్న ఆమె "ఏందన్నా అది" అని అడిగితే డబ్బాను ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాను.

ఆ వారం నాకు బాగా గుర్తుంది. పొద్దున లేచి టీ పెట్టుకోవడం, అది ఎప్పటిలాగే నీళ్ళగా ఉండటం, దాన్ని తాగుతూ పేర్లు వెతుక్కోవడం. ఇరవై ఆరేళ్ళు ఒకే కప్పు కింద ఉన్నాం. ఆమెకు పచ్చి మామిడికాయ ఇష్టమని తెలుసు, గిద్దలూరు వైపు రైలు చప్పుడు వింటే పుట్టిల్లు గుర్తొస్తుందని తెలుసు, ఎడమ పక్కకు తిరిగి పడుకుంటే నిద్ర పట్టదని తెలుసు. రోజూ పొద్దున్నే మనసులో ఏ మాట అనుకుని ఆ గడిలో కొట్టేదో మాత్రం తెలియదు. పుట్టింటి ఊరి పేరు చెప్పి ప్రసన్నతో కొట్టించాను. చిన్నప్పుడే పోయిన వాళ్ళ తమ్ముడి పేరు కొట్టించాను. మేము పెంచిన మేక పేరు కూడా కొట్టించాను. ప్రసన్న నవ్వలేదు, ఓపికగా కొట్టింది. ప్రతిసారీ అది తప్పనేది.

పాటలు పోతాయన్న బాధ ఒకటి. దాని కింద ఇంకొకటి ఉంది, ప్రసన్నకు చెప్పుకోలేనిది. నా పేరు కాదు. ఇంకెవరిదో. ఈ వయసులో, అదీ పోయిన మనిషి మీద, ఈ కుళ్ళేమిటని నన్ను నేనే తిట్టుకున్నాను. తిట్టుకున్నంత మాత్రాన పోలేదు. ఇల్లంతా ఆమె సామానే, అందులో నాకు తెలియని ఒక మాట ఉంది, అది నాకు దొరకడం లేదు. ఆమె పోయిన రోజుకంటే ఆ వారమే నేను ఎక్కువ ఒంటరివాణ్ణయ్యాను.

శనివారం వచ్చింది. వేణుగోపాల్ రావడానికి ఇంకా పొద్దుంది. మిషన్‌ను దుమ్ముతో ఎందుకు అప్పగించాలని తడిగుడ్డ తీసుకుని తుడవడం మొదలుపెట్టాను. ప్రసన్న తన కీబోర్డు తీసుకుపోయింది కాబట్టి ఫెబీదే మళ్ళీ తగిలించి ఉంది. స్టిక్కర్లు కొన్ని అంచులు లేచాయి, వాటిని బొటనవేలితో అదిమాను. గుడ్డ ఏ మీటకో తగిలి తెర వెలిగింది. ఫెబీ పేరు, దాని కింద ఖాళీ గడి.

కుర్చీ లాక్కుని దాని ముందు కూర్చున్నాను. మూసిన తలుపు ముందు కూర్చున్నట్టే ఉంది. ఫ్యాక్టరీలో సాయంత్రం షిఫ్టు చేసి ఇంటికొచ్చినప్పుడు మా తలుపు లోపల గడియ వేసి ఉండేది. నేను తట్టేవాణ్ణి. "ఎవరు?" అనేది లోపల్నుంచి. నా దగ్గు ఊరవతలికి వినిపిస్తుంది, ఎవరో ఆమెకు తెలియదా? "నేను" అంటే, "నేనంటే ఎవరు? పేరు లేదా?" అనేది. ఆమెకు పలకరాని పేరు నా చేత పలికించడం ఆమెకు సరదా. "హరిబాబును, తలుపు తియ్" అని నేను కసురుకున్నాకే గడియ తీసేది. తీసేటప్పుడు ముసిముసిగా నవ్వేది.

ఇప్పుడు మాత్రం తియ్యదు. నాకు ఒళ్ళు మండింది. ఎవరిమీదో తెలియదు, దేవుడి మీద, వేణుగోపాల్ మీద, ఆ గడి మీద. వీళ్ళందరూ ఇన్ని పేర్లు కొట్టారు, ఈ ఇంటి మనిషినైన నేను మాత్రం ఒక్కసారీ తట్టలేదు. తెర మీద ఇంగ్లీషో తెలుగో నాకు అనవసరం. నాకు తెలిసిన అక్షరాలు కళ్ళ ముందు ఉన్నాయి. వెతుక్కుంటూ ఒక్క వేలితో నొక్కాను. హ. ర. ఆ రకు గుడి ఎక్కడుందో దొరకడానికి చాలాసేపు పట్టింది. బ. దీర్ఘం. మళ్ళీ బ. కొమ్ము. గడిలో అక్షరాలేమీ పడలేదు, నల్లటి చుక్కలు పడ్డాయి. అందరూ చివర్లో కొట్టే పెద్ద మీటను నేనూ కొట్టాను.

తప్పు అనలేదు. తెర ఒక్కసారి నల్లబడి, వెలిగింది. ఒకదాని కింద ఒకటి ఊళ్ళ పేర్లు, తెలుగులో. ఫెబీ తిరిగిన ఊళ్ళు. అన్నిటికంటే కింద 'కాశమ్మ పాటలు' అని ఉంది.

నేను దేన్నీ ముట్టుకోలేదు. ముట్టుకుంటే మూసుకుపోతుందేమోనని చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను. ఫోను తీసి ప్రసన్నకు "రా అమ్మా" అని మాత్రం అనగలిగాను.

ఆమె వచ్చేసరికి వేణుగోపాల్ కూడా మోటర్ సైకిల్ దిగుతున్నాడు. ఇద్దరూ తెర చూసి నిలబడిపోయారు.

"ఏం కొట్టినావన్నా?" అన్నాడు వేణుగోపాల్.

నాకు సిగ్గేసింది. "నా పేరే."

"నీ పేరు నేను కొట్టినా గదన్నా ఆ పొద్దు. పడలా."

"నేను కొట్టినా, పడింది. నన్నడిగితే నేనేం చెప్తా?"

వాడికి ఊరుకోబుద్ధి కాలేదు. మిషన్‌కు మళ్ళీ తాళం వేసి, నన్ను మళ్ళీ కొట్టమన్నాడు. మళ్ళీ తెరుచుకోకపోతే? వాడు గడి పక్కన కన్ను బొమ్మను చూపించి, దాన్ని నొక్కితే చుక్కలకు బదులు అక్షరాలు కనపడతాయన్నాడు. నేను వెతుక్కుంటూ కొట్టాను. వాడు కన్ను నొక్కాడు. గడిలో ఇలా ఉంది: ujfyeyg.

"ఇదేందన్నా, ఇది నీ పేరా? ఇది ఏ భాషా గాదు" అన్నాడు.

ప్రసన్న వంగి, తెరనూ కీబోర్డునూ మార్చి మార్చి చూసింది. కాసేపటికి ఒక్కో మీట మీదా వేలు పెడుతూ పైకి చదివింది. హ. ర. గుడి. చివరి కొమ్ము దగ్గరికి వచ్చేసరికి ఆమె వేలు ఆ మీట మీదే ఉండిపోయింది.

వేణుగోపాల్‌కు అప్పుడు అర్థమైంది. నాకు అర్థమయ్యేలా చెప్పాడు కూడా, ఈసారి వేళాకోళం లేకుండా. "తాళం తెరకు ఇంగ్లీషు తప్ప రాదన్నా. అక్క చేతులకేమో తెలుగు మీటలే అలవాటు. సెట్టింగ్ ఇంగ్లీషుదే ఉండంగానే ఆమె తెలుగు మీటలు కొట్టేది. మిషన్‌కు అది పిచ్చిరాత. అక్కకు నీ పేరు."

"అక్క నీ పేరు ఎప్పుడన్నా పలికిందా అన్నా?" అని అడిగింది ప్రసన్న.

"యాడ పలికింది" అన్నాను. అని, గోడ వైపు తిరిగాను. నాకు ఏడుపొచ్చింది. వాళ్ళ ముందే ఏడ్చాను. వేణుగోపాల్ బయటికి పోయి మోటర్ సైకిల్‌ను అవసరం లేకపోయినా నీడకు జరుపుకున్నాడు.

తర్వాత పని అంతా చకచకా జరిగిపోయింది. పాటలన్నీ వేణుగోపాల్ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాడు, ఒకటి చాలదని ఇంకోదాన్లోకి కూడా ఎక్కించాడు. ప్రసన్న కాశమ్మ పాటలు తెరిచి చూసుకుంది. 'వంగి కలుపు తీస్తుంటే ఏసయ్యా, నా సాలు పక్క సాలు నీదేనయ్యా' అని ఒక పాట సన్నగా పాడింది కూడా. ఒక్కదెబ్బకు బరువు దిగిపోయినట్టు ఆమె ముఖంలో కనిపించింది. మంచిదే. ఫెబీ పని దక్కింది. నేను ఎవరిని అడగాలో తెలియక వారమంతా అడిగింది అదే కదా.

మిషన్ మాత్రం చర్చి ఆఫీసుకు పోవాల్సిందే. సభలకు చీటీలు, కరపత్రాలు కొట్టేది ఉంది. ఫార్మాట్ అవసరం లేదనీ, ఆఫీసులో కొత్త పాస్‌వర్డ్ పెట్టి అయ్యగారికి చెప్తాననీ అన్నాడు వేణుగోపాల్. ప్రసన్న నా ముఖం చూసింది. "నీకు కష్టమనిపిస్తే చెప్పన్నా, అయ్యగారితో మాట్లాడతా." కష్టమేముందమ్మా, సంఘం సొత్తు అన్నాను. కాదని ఎట్ల అంటాను? ఒక్కటి మాత్రం అడిగాను వేణుగోపాల్‌ను.

"ఈ తాళం పొద్దున ఒకసారి తీస్తే చాలునా?"

"ఒక్కసారి యాడన్నా. కాసేపు ముట్టకుంటే దానంతటదే పడేటట్టు పెట్టుకుంది అక్క, పిల్లోళ్ళ భయానికి. పొయ్యి కాడికి పోయొచ్చినా మళ్ళా కొట్టాల, నీకు అన్నం పెట్టొచ్చినా మళ్ళా కొట్టాల."

ఇద్దరూ ఆటో మాట్లాడుకురావడానికి సెంటర్‌కు పోయారు. నేను కుర్చీలో కూర్చున్నాను. చెయ్యి పెట్టకుండా, తాళం పడేదాకా చూస్తూ కూర్చున్నాను. కొంతసేపటికి తెర నల్లబడింది. ఒక మీట తాకితే మళ్ళీ ఫెబీ పేరు, గడి.

అన్నేళ్ళూ ఆ మీటల చప్పుడు నేను విన్నాను. వసారాలో మంచం మీద పడుకుని, పేపరు చదువుకుంటూ, దగ్గుకుంటూ. ముందు ఒక చిన్న టకటక, ఒక్క క్షణం ఆగడం, ఆ తర్వాత పాట మొదలు. ఆ ముందు చప్పుడు నా పేరు. రోజులో ఎన్నిసార్లో. ఇంట్లో మనిషి పేరు పెట్టి పిలుస్తూనే ఉంది, పది అడుగుల దూరంలో ఉన్న నాకు అది పిలుపని తెలియదు. ఇప్పుడు ఊళ్ళో నన్ను అన్నా అంటారు, మామా అంటారు, చర్చిలో సహోదరుడా అంటారు. హరిబాబూ అని పిలిచే మనిషి ఈ భూమ్మీద ఇంకెవరూ లేరు.

కొట్టేది నా వేలేనని నాకు తెలుసు. అయినా కొట్టాను. హ, ర, గుడి, బ, దీర్ఘం, బ, కొమ్ము. ఈసారి వెతుక్కోలేదు. పెద్ద మీట నొక్కగానే తెర తెరుచుకుంది.

"ఏంది ఫెబీ?" అన్నాను పైకే.

బయట ఆటోవాడు హారన్ కొట్టాడు, నేను లేచి వైర్లు ఊడదీశాను.